ఏడు సీట్ల కారు, ఎనిమిది మంది మనుషులు

పోయిన కార్తీకమాసంలో అన్నవరం వెళ్ళాం, వ్రతం చేయించుకుందామని. బయల్దేరే ముందురోజు రాత్రి చపాతీలు ఒత్తుతూ అమ్మ మెల్లగా అంది, "నేను ఇంటి దగ్గర ఉంటాలేవే, మోకాళ్ళు సలుపుతున్నాయి, ఆ మెట్లు నేనెక్కలేను" అని. కారు కొండ పైదాకా వెళ్తుందని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. కారులో చోటు లేదన్న సంగతి కూడా ఇద్దరికీ తెలుసు. "సరేలే అమ్మా" అనేశాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది.

నాన్న పోయాక అమ్మ మా దగ్గరే ఉంటోంది. అత్తయ్య, మామయ్య, మేమిద్దరం, ముగ్గురు పిల్లలు, అమ్మ. మొత్తం ఎనిమిది మందిమి. ఆ రోజు అయిదుగురు కూర్చోవాల్సిన కారులో ఏడుగురం ఇరుక్కుని వెళ్ళాం. చిన్నది నా ఒళ్ళో, నడిపివాడు వాళ్ళ తాతయ్య ఒళ్ళో. 2019 సవరణ తర్వాత సీటు బెల్టు పెట్టుకోకపోతే 1000 రూపాయలు జరిమానా. జరిమానా సంగతి అలా ఉంచండి, ఒళ్ళో కూర్చున్న పిల్లకి బెల్టు ఎక్కడిది? హైవే మీద లారీ పక్కనుంచి వెళ్ళిన ప్రతిసారీ దాన్ని గట్టిగా పట్టుకున్నాను. గట్టిగా బ్రేకు పడితే నా చేతులు ఆపలేవని తెలిసి కూడా.

అక్కడినుంచి వచ్చాక మావారు పెద్ద బండి చూడటం మొదలుపెట్టారు. ఫోన్‌లో ఒక పట్టీ రాసుకున్నారు: మైలేజీ, సన్‌రూఫ్, తెర సైజు, ఏడు సీట్లు. "మనం ఎంతమందిమండీ?" అని అడిగాను. "ఏడుగురం" అన్నారు వెంటనే. కాసేపాగి తలెత్తి నా మొహం చూసి, "ఎనిమిది" అన్నారు. ఆయన్ని తప్పుపట్టట్లేదు, కారు కంపెనీలు అలవాటు చేసిన లెక్క అది.

అందుకే షోరూమ్‌కి మేమిద్దరమే వెళ్ళకుండా అందరినీ తీసుకెళ్ళాను, కొంతమందిని ఆటోలో. ఒక చోట సేల్స్ అబ్బాయి ఉత్సాహంగా మూడో వరస మడిచేసి, "చూడండి మేడమ్, ఎంత డిక్కీయో!" అన్నాడు. "బాబూ, అది మడిస్తే మా పిల్లలు ఎక్కడ కూర్చుంటారు?" అన్నాను. సీట్లన్నీ లేపి చూపిస్తే అక్కడ రెండు చేతిసంచులు తప్ప ఇంకేం పట్టేలా లేవు.

కాబట్టి నా మొదటి మాట: సీట్లన్నీ లేపి ఉంచినప్పుడు మిగిలే చోటు ఎంతో అడగండి. లీటర్లలో చెప్తారు. మనకి తెలిసిన 20 లీటర్ల మంచినీళ్ళ టిన్నుతో లెక్కేసుకోండి. నాలుగు మీటర్లలోపే ఉండే ట్రైబర్‌లో 84 లీటర్లు, అంటే నాలుగు టిన్నుల చోటు. ఎర్టిగాలో 209, పది టిన్నులు. హైక్రాస్‌లో 300, పదిహేను. పండక్కి ఊరెళ్తే మన సామాను ఎంతో మీకు తెలుసు. తిరుగు ప్రయాణంలో అందులో ఆవకాయ జాడీ, కొబ్బరికాయల బస్తా కూడా చేరతాయి.

రెండోది, మూడో వరసలో ఎవరు కూర్చుంటారో ఇంట్లోనే తేల్చుకోండి. బండి నడిపే మనిషి ఎప్పుడూ అక్కడ కూర్చోడు, అందుకే ఆయనకి ఆ కష్టం తెలీదు. మీరు వెనక్కెక్కి కనీసం అరగంట కూర్చోండి. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయా? ఏసీ గాలి అక్కడిదాకా వస్తోందా? మధ్యలో కూర్చునే మనిషికి కూడా భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందా? పెద్దవాళ్ళని మాత్రం అక్కడికి పంపకండి. సీటు వంచి, నడుం వంచి, పాకుతూ లోపలికెళ్ళడం డెబ్భై ఏళ్ళ మనిషికి మర్యాదగా ఉండదు.

మూడోది, మధ్య వరస. విడివిడిగా రెండు కుర్చీలుంటే రాజాలా ఉంటుంది, నిజమే. కానీ మా ఇంట్లో పెద్దవాళ్ళు ముగ్గురు. ఎర్టిగాలో ముందు ఇద్దరు, మధ్యలో ముగ్గురు, వెనక ఇద్దరు. ఇన్నోవా క్రిస్టా, హైక్రాస్‌లలో మధ్య ముగ్గురు, వెనక ముగ్గురు కూర్చునే 8 సీట్ల రకం ఉంది. మా లెక్క అక్కడే సరిపోయింది.

"ఏడాదిలో పట్టుమని పదిసార్లు వెళ్ళేదానికి అంత డబ్బెందుకు? అద్దెకి తీసుకోవచ్చుగా" అంది మా పక్కింటావిడ. న్యాయమైన ప్రశ్నే. కేలండర్ తీసి లెక్కపెట్టాను. అందరం కలిసి కదిలిన, కదలాల్సిన రోజులు పోయినేడు 14. ఇంకో సంగతి, అద్దె బండికి డ్రైవరు కూడా ఉంటాడు, ఏడు సీట్లలో మనకి దక్కేవి ఆరే. మీకు అలాంటి రోజులు నాలుగో అయిదో అయితే కొనకండి, 12 సీట్ల టెంపో ట్రావెలర్ మాట్లాడుకోండి, హాయి. మా ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్ళ ఆసుపత్రులు, కబురొస్తే అప్పటికప్పుడు బయల్దేరాల్సిన ఊళ్ళు ఉన్నాయి. వాటికి ముందుగా బండి మాట్లాడుకునే వ్యవధి ఉండదు.

కొత్త హైక్రాస్‌కి ఎర్టిగాకి ఇంచుమించు రెట్టింపు పెట్టాలి. అంత అప్పు వద్దనుకున్నాం. చివరికి వాడిన క్రిస్టా, 8 సీట్లది చూశాం. చట్రం మీద కట్టిన బండి కాబట్టి ఎక్కడానికి కాస్త ఎత్తు, పక్కన మెట్టు బిగించి ఉంది. సన్‌రూఫ్ లేదు. పెద్దవాడు రెండ్రోజులు మూతి ముడుచుకున్నాడు, మూడో రోజుకి మర్చిపోయాడు.

బండిని నడిపి చూసిన రోజు అత్తయ్య, మామయ్య, అమ్మ మధ్యలో కూర్చున్నారు. అమ్మ ముందు నడిమిసీట్లోకి జరగబోయింది, అలవాటు కొద్దీ. బండి కదిలాక అత్తయ్యతో చిన్నగా అనడం వినపడింది, "వదినగారూ, వచ్చేటప్పుడు నేను కిటికీ పక్కన కూర్చోనా?" అని. మా ఇంటికి వచ్చిన ఇన్నేళ్ళలో అమ్మ నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదటిసారి.

బయానా ఆ సాయంత్రమే ఇచ్చేశాం.