చిన్న గీతే కదా అనుకున్నా!

కాంట్రాక్టు అయిపోవస్తోంది, మళ్లీ సంతకం పెడతానంటూ హెచ్‌ఆర్‌కి మెయిల్ కొట్టా. ‘రీ-సైన్’ అని రాయాల్సింది, మధ్యలో హైఫన్ మర్చిపోయా. అక్షరాలు అవే, కానీ చదివితే ‘రిజైన్’! మర్నాడు మేనేజర్ పిలిచి, “నోటీస్ పీరియడ్ ఎప్పట్నుంచి?” అన్నారు. కాళ్లావేళ్లా పడి ఆపించుకున్నా.

అప్పట్నుంచి ఆ బుల్లి గీతంటే భయభక్తులు. ‘మ్యాన్ ఈటింగ్ ఫిష్’ అంటే చేప తింటున్న మనిషి. మొదటి రెండు మాటల మధ్య గీత పెట్టారో, మనిషిని తినే చేప అయిపోతుంది! అందుకే రెండు మాటలు జట్టుకట్టి, వెనకే వచ్చే నామవాచకాన్ని వర్ణిస్తున్నాయా అని చూసుకుంటా. ‘వెల్-నోన్ యాక్టర్’కి గీత కావాలి. ‘ద యాక్టర్ ఈజ్ వెల్ నోన్’కి అక్కర్లేదు. ‘హైలీ పెయిడ్ యాక్టర్’కీ వద్దు, ‘హైలీ’ లాంటి క్రియావిశేషణం ఉంటే అర్థం తికమకపడదు.

నామవాచకాల సంగతి మాత్రం నన్నడక్కండి. 2007లో షార్టర్ ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ ఒక్క దెబ్బకి దాదాపు 16 వేల హైఫన్లు పీకేసింది. ‘ఐస్ క్రీమ్’ రెండు మాటలైంది, ‘బంబుల్‌బీ’ ఒకటైపోయింది. ఇలాంటివి ఎదురైతే నేను బుద్ధిగా ఫోన్లో డిక్షనరీ తెరుస్తా.

ఆ మెయిల్‌కి ఇంకా స్టార్ పెట్టే ఉంచాను లెండి.