భద్రతా వీక్షణం: ఇరుకు దారికి తెలివైన దీపం

ఒక్క వాహనానికే చోటున్న 200 మీటర్ల దారిని ఊహించుకుందాం. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోయే లారీ దానిని 36 సెకన్లలో దాటుతుంది. 10 కిలోమీటర్ల వేగంతో పోయే సైకిలుకు 72 సెకన్లు కావాలి. లారీ లెక్కనే పట్టుకొని, ఒకవైపు పచ్చదీపం ఆరిన 36 సెకన్లకు ఎదుటివైపు వెలిగిస్తే, చివరగా ప్రవేశించిన సైకిలు సోదరుడు సరిగ్గా నడిదారిలో ఉంటాడు.

రైల్వేలలో యాక్సిల్ కౌంటరు లోనికి పోయిన ఇరుసులను, వెలుపలికి వచ్చిన ఇరుసులను లెక్కిస్తుంది. రెండూ సరిపోతేనే మార్గం ఖాళీ అయినట్లు. మన ఇరుకు దారులకూ ఈ సూత్రమే శరణ్యం. రెండు కొసలా సైకిలును సైతం గుర్తించే సెన్సర్లు ఉండాలి. లెక్క కుదిరే వరకు ఇరువైపులా ఎరుపే నిలవాలి. అందరికంటె నెమ్మదిగా వచ్చేవాని కోసం వేచివుండే దీపమే తెలివైన దీపం.