నలుపు తెల్లబోయిందేం?

"బావా, నా కళ్లు పోతున్నాయేమోనని భయంగా ఉంది" అన్నాడు మా బావమరిది ఫోన్లో. నాకూ గుండె ఝల్లుమంది. పాతికేళ్లుగా తెనాలిలో ఫోటో స్టూడియో నడుపుతున్న మనిషి. ఆయనకు కన్నే కూడు పెట్టేది.

నెమ్మదిగా అడిగితే సంగతి బయటపడింది. ఓ పెళ్లి ఆల్బమ్ చేసి విజయవాడలోని కలర్ ల్యాబ్‌కి పంపాడట. నలభై షీట్లు. ప్రింట్లు వచ్చాక చూస్తే పెళ్లికూతురి జడ నల్లటి ముద్దలా ఉంది. జడకుప్పెలు మెరిసిపోతున్నాయి గానీ జుట్టు పాయలు ఒక్కటీ కనబడవు. రిసెప్షన్ ఫోటోల్లో పెళ్లికొడుకు నల్లకోటు వెనకున్న చీకట్లో కలిసిపోయింది. పెళ్లిపెద్దల పంచెల మీద మడతలు మాయం. పెళ్లివారు ఆల్బమ్ ముట్టుకోలేదు. ల్యాబ్‌వాళ్లనడిగితే "మీరు పంపిందే వేశాం సార్" అన్నారు. వాళ్ల మాట నిజమే. మళ్లీ వేయించాలంటే ఆ ఖర్చంతా ఈయన నెత్తినే.

మరి తను చూసుకోకుండానే పంపాడా? చూసుకున్నాడు. తెరమీద అన్ని ఫోటోలూ బూడిద చల్లినట్టు పాలిపోయి కనిపిస్తుంటే, ఒక్కోదానికీ కాంట్రాస్ట్ పెంచి, నలుపు చిక్కబరిచి, తన కంటికి బాగుందనిపించాకే పంపాడు. తెరమీద బాగున్నవి కాగితం మీద చెడిపోయాయి. అందుకే కళ్ల మీద అనుమానం.

ఆదివారం వెళ్లాను. ఆయన కంప్యూటర్లో లినక్స్ మింట్ ఉంది. ఇంజినీరింగ్ చదివే కొడుకు వేసి పెట్టాడు. ఫోటోలు దిద్దేది గింప్‌లో. ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేదు. "మరి ఈమధ్య ఏం మార్చావు?" అనడిగాను. ఇలాంటి రిపేర్లలో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే ఉండాలి. పాత మానిటర్ కాలిపోతే రెండు నెలల కిందట కొత్తది కొన్నాడట. పాతదానికి నీలం మూతి ఉండే వీజీఏ వైరు. కొత్తదానికి హెచ్‌డీఎంఐ.

ఈలోగా ఆయన చేయని వైద్యం లేదు. మానిటర్ బటన్లు నొక్కి బ్రైట్‌నెస్ తగ్గించాడు. నలుపుతో పాటు తెలుపూ మసకబారింది. బంగారు పూత ఉందని చెప్పి ఎవరో అంటగట్టిన ఖరీదైన వైరు వేశాడు. తేడా లేదు. ఉండదు కూడా. హెచ్‌డీఎంఐ వైరులో పోయేవి అంకెలు. వైరు చెడితే బొమ్మ వస్తూ పోతూ ఉంటుంది, చుక్కలు పడుతుంది, అంతేగానీ నల్లకోటు బూడిదరంగుకు తిరగదు. చివరికి "లినక్స్ తీసేసి విండోస్ వేయించుకోండి" అన్న సలహా కూడా వచ్చింది. ఆ పని చేయించబోతూనే నాకు ఫోన్ చేశాడు.

నేను చేసింది చిన్న పని. పూర్తి నలుపు బొమ్మ ఒకటి తెరనిండా పెట్టి స్క్రీన్‌షాట్ తీసి, ఫోన్లోకి పంపించి చూశాం. మానిటర్ మీద పొగమంచులా ఉన్న నలుపు ఫోన్లో కాటుకలా ఉంది! తర్వాత మానిటర్ వెనక వైరు పీకేశాను. 'సిగ్నల్ లేదు' అని తనంతట తాను చూపించే తెర ఉంటుంది కదా, అందులో నలుపు బాగానే ఉంది. అంటే కంప్యూటర్ లోపలి బొమ్మ మంచిదే, మానిటరూ మంచిదే. తగాదా అంతా ఆ రెండింటి మధ్య మాటల్లో ఉంది.

స్క్రీన్‌షాట్ ఎలా పట్టించిందంటారా? స్క్రీన్‌షాట్ తీసినప్పుడు కంప్యూటర్ తన మెమరీలో తయారైన బొమ్మను కాపీ చేస్తుంది. ఆ బొమ్మ వైరులోకి దిగే చివరి క్షణంలో గ్రాఫిక్స్ చిప్ ఏమైనా మార్పు చేస్తే అది స్క్రీన్‌షాట్‌కు అందదు. ఇక్కడ జరిగింది సరిగ్గా అదే.

కంప్యూటర్లకు రంగంటే అంకె. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికీ 0 నుంచి 255 దాకా 256 మెట్లు. సున్నా కటిక నలుపు, 255 పూర్తి తెలుపు. టీవీలవాళ్ల లెక్క వేరు. వాళ్లకు నలుపు 16 దగ్గర మొదలై తెలుపు 235తో ముగుస్తుంది. 220 మెట్లే. ఇది పొదుపు కోసం చేసింది కాదు. టీవీ సంకేతాలను డిజిటల్‌గా మార్చడానికి 1982లో అంతర్జాతీయంగా ఒక ప్రమాణం రాసుకున్నారు. అప్పటి సంకేతాలు వడపోతల్లో అటూ ఇటూ కాస్త పొర్లేవి. ఆ పొర్లుపాటుకు పైనా కిందా ఖాళీ వదిలారు, పాలగిన్నెలో అంచుదాకా పోయకుండా ఆపినట్టు. అందులోనూ 0, 255 అంకెలను టైమింగ్ గుర్తులకు కేటాయించారు.

వీధిలోంచి ఇంటికి మెట్లున్నాయనుకోండి. ఒకరు వీధినుంచి లెక్కపెట్టారు, ఒకరు అరుగు మీదినుంచి. 'మొదటి మెట్టు మీద చెంబుంది' అంటే ఇద్దరూ రెండు చోట్ల వెతుకుతారు. కంప్యూటర్ టీవీ లెక్కలో 'నలుపు' అనే అర్థంతో 16 పంపింది. మానిటర్ కంప్యూటర్ లెక్కలో చదువుకుని 'ఓహో, నలుపుకన్నా పదహారు మెట్లు పైన' అని బూడిదరంగు వెలిగించింది. 235 అనే తెలుపును కొంచెం మాసిన తెలుపుగా చూపించింది.

కంప్యూటర్‌కు టీవీ లెక్కెందుకు? హెచ్‌డీఎంఐ పుట్టిందే టీవీలకోసం. దాని నిబంధనల ప్రకారం 1920 అడ్డం, 1080 నిలువు చుక్కల తెరంటే టీవీ తెర. దానికి కుదించిన లెక్క పంపాలి. 1366×768, 1680×1050 లాంటివి కంప్యూటర్ తెరలు. వాటికి పూర్తి లెక్క. ఇంటెల్ గ్రాఫిక్స్‌కు లినక్స్‌లో ఉండే డ్రైవర్ 2013 నుంచి 'ఆటోమేటిక్' పేరుతో ఈ నిబంధననే పాటిస్తోంది. డ్రైవర్ తప్పు లేదు. కానీ మన బల్లమీద మానిటర్లు కూడా ఇప్పుడు 1920×1080వే కదా! వాటిలో కొన్ని ఆ నిబంధన పట్టించుకోకుండా, ఏమొచ్చినా 0 నుంచి 255గానే చదువుకుంటాయి. పాత వీజీఏ వైరులో ఈ గొడవే లేదు, అది అంకెలు పంపదు.

ఇక మందు. మింట్ ఇప్పటికీ మామూలుగా ఎక్స్ అనే పాత తెర వ్యవస్థ మీదే నడుస్తుంది కనుక మా పని తేలికైంది. టెర్మినల్ తెరిచి ఎక్స్, ఆర్, ఏ, ఎన్, డి, ఆర్ అన్న ఆరు ఇంగ్లిషు అక్షరాలు చిన్నబడిలో కొట్టండి. దీన్నే ఎక్స్‌ర్యాండర్ అంటారు. ఒక ఖాళీ వదిలి, రెండు అడ్డగీతలు పెట్టి, వాటికి ఆనించి 'ప్రాప్' అని నాలుగక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. పెద్ద జాబితా వస్తుంది. భయపడొద్దు. మీ వైరున్న రంధ్రం పేరు, హెచ్‌డీఎంఐ-1 లాంటిది, 'కనెక్టెడ్' అన్న మాటతో కనిపిస్తుంది. దానికింద 'బ్రాడ్‌కాస్ట్ ఆర్‌జీబీ' అనే వరుస వెతకండి. ఎదురుగా ఆటోమేటిక్ అనీ, కింద ఫుల్, లిమిటెడ్ 16:235 అనే మిగతా అవకాశాలూ ఉంటాయి.

మళ్లీ ఎక్స్‌ర్యాండర్ కొట్టి, రెండు అడ్డగీతలతో 'అవుట్‌పుట్', ఖాళీ వదిలి ఆ రంధ్రం పేరు, రెండు అడ్డగీతలతో 'సెట్', ఆ తర్వాత కొటేషన్ గుర్తుల మధ్య 'బ్రాడ్‌కాస్ట్ ఆర్‌జీబీ', మరో జత కొటేషన్ల మధ్య 'ఫుల్'. పెద్దబడి చిన్నబడి అక్షరాలు జాబితాలో ఎలా ఉంటే అలాగే. ఎంటర్ కొట్టగానే తెర ఒక్కసారి ఆరి వెలిగింది. మా బావమరిది "అమ్మయ్య" అనలేదు. "ఛ! రెండు నెలలు" అన్నాడు.

కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే ఈ మార్పు పోతుంది. అందుకే ఆ వరుసను మింట్‌లోని స్టార్టప్ అప్లికేషన్స్‌లో చేర్చి వచ్చాను. మీరు ఫుల్ పెట్టాక చీకటి భాగాలు ముద్దకట్టాయంటే, మీ తెర టీవీ లెక్కే కోరుకుంటోందన్నమాట. ఆటోమేటిక్‌కి వెనక్కి వచ్చేయండి.

ఉబుంటు, ఫెడోరా ఇప్పుడు వేలాండ్ అనే కొత్త తెర వ్యవస్థతో మొదలవుతాయి. అక్కడ ఎక్స్‌ర్యాండర్ మాట చెల్లదు. కేడీఈ ప్లాస్మా డెస్క్‌టాప్ వాడేవారికి, గ్రాఫిక్స్ డ్రైవర్ ఒప్పుకుంటే, డిస్‌ప్లే సెట్టింగుల్లోనే ఆర్‌జీబీ రేంజ్ అని కనిపిస్తుంది. ఎన్‌విడియా కార్డుకు ఆ కంపెనీ సొంత డ్రైవర్ వేసి ఎక్స్ వాడుతుంటే, దాని సెట్టింగుల కిటికీలో కలర్ రేంజ్ ఉంటుంది. ఏదీ దొరక్కపోతే మానిటర్ బటన్లవైపు వెళ్లండి. మెనూలో హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్ అనో, ఆర్‌జీబీ రేంజ్ అనో ఉండే అవకాశం ఉంది. రెండువైపులా ఒకే లెక్క ఉంటే చాలు, ఏ లెక్కయినా సరే. పరీక్షకు ఇంకో చిట్కా కూడా ఉంది: తెర రిజల్యూషన్‌ను కాసేపు 1680×1050కి మార్చి చూడండి. అక్షరాలు మసకబారినా నలుపు నల్లబడిందంటే దొంగ దొరికినట్టే.

ఇంట్లో టీవీకి కంప్యూటర్ తగిలించి సినిమా చూసేవారికి దీనికి తిరగబడిన జబ్బు వస్తుంది. కంప్యూటర్ 0 నుంచి పంపుతుంది, టీవీ 16 కన్నా తక్కువదంతా నలుపే అనుకుంటుంది. రాత్రి సీన్లలో హీరో పళ్లు తప్ప ఏమీ కనబడవు. చాలా టీవీల్లో ఆ హెచ్‌డీఎంఐ రంధ్రానికి 'పీసీ' అని పేరు మారిస్తే కుదురుకుంటుంది. ఇది మనకు సినిమా నష్టమే గానీ, మా బావమరిదిది తిండి నష్టం.

ఆల్బమ్ సంగతంటారా? దిద్దిన జేపెగ్‌లలో జడ తిరిగి రాదు. ఓసారి ముద్దకట్టించి సేవ్ చేసిన నలుపులోంచి పాయలు విడదీయడం ఎవరి తరమూ కాదు. ఎందుకైనా మంచిదని కెమెరా కార్డు ఇంకా చెరపలేదా అని అడిగాను. వాళ్లావిడ లోపల్నుంచి ఓ అగరుబత్తీల డబ్బా తెచ్చి బల్లమీద బోర్లించింది. పెళ్లివారు బాకీ తీర్చేదాకా కార్డు చెరపనివ్వదట ఆవిడ. ఆ రాత్రే మొదటి షీటునుంచి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి చాలా ఫోటోలకు కాంట్రాస్ట్ ముట్టుకోవాల్సిన పనే పడలేదట.