చేపలలో పాదరసం

చేపలలో పాదరసం అనగా నీటిలో కలిసిన పాదరసం ఆహారపు గొలుసు ద్వారా చేపల కండరాలలో పోగుపడి, వాటిని తినేవారికి హాని కలిగించే కాలుష్యం. ఇది ముఖ్యంగా గర్భస్థ శిశువుల మెదడుకు ప్రమాదకరం. అయితే అన్ని చేపలలోను ఇది ఒకే మోతాదులో ఉండదు. కావున చేపలు తినాలా వద్దా అనే దానికన్నా, ఎవరు ఏ చేపను ఎంత తినాలి అనేదే ముఖ్యమైన ప్రశ్న.

చేరే విధానం

బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రాలు, చిన్నతరహా బంగారు గనులు, కొన్ని పరిశ్రమల నుండి వెలువడే పాదరసం గాలి, వాననీటి ద్వారా చెరువులను, సముద్రాన్ని చేరుతుంది. అడుగు బురదలోని బాక్టీరియా దీనిని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. ప్లవకాల నుండి చిన్న చేపలకు, వాటి నుండి పెద్ద చేపలకు చేరేకొద్దీ దీని మోతాదు పెరుగుతుంది. దీనినే జైవిక వృద్ధీకరణం అంటారు. కండరాలలోని మాంసకృత్తులకు అంటిపెట్టుకొని ఉండుటచే ఇది కడిగినా, వండినా పోదు.

ముఖ్య ఉదంతాలు

జపానులోని మినమాటాలో చిస్సో కంపెనీ 1932 నుండి 1968 వరకు పాదరసపు వ్యర్థాలను సముద్రంలోకి వదిలింది. అక్కడి చేపలు తిన్నవారిలో వ్యాధిని 1956లో గుర్తించారు. పెద్దగా లక్షణాలు కనిపించని తల్లులకు సైతం తీవ్ర నాడీలోపాలతో బిడ్డలు పుట్టారు.

తమిళనాడులోని కొడైకెనాల్‌లో థర్మామీటర్ల కర్మాగారం 2001లో మూతపడింది. భాభా అణు పరిశోధన కేంద్రానికి చెందిన హైదరాబాదు ప్రయోగశాల శాస్త్రజ్ఞులు 2006లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం అక్కడి సరస్సు నీటిలో లీటరుకు 356-465 నానోగ్రాముల పాదరసం ఉన్నది. చేపలలోకి కూడా అది చేరినట్లు తేలినది.

ఎంత వరకు సురక్షితం?

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల సంయుక్త నిపుణుల సంఘం 2003లో నిర్ణయించిన పరిమితి ప్రకారం శరీర బరువులో ప్రతి కిలోకు వారానికి 1.6 మైక్రోగ్రాముల మిథైల్ పాదరసం మించరాదు. అనగా 50 కిలోల స్త్రీకి వారానికి 80 మైక్రోగ్రాములు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ పరీక్షల సగటు ప్రకారం 100 గ్రాముల సొర చేపలో సుమారు 98, కవళ్ళలో 1.3 మైక్రోగ్రాముల పాదరసం ఉన్నది. ఇందులో అధికభాగం మిథైల్ పాదరసమే. మన తీరపు చేపలలో ఈ అంకెలు కొంత మారవచ్చు గాని, వేటాడే పెద్ద చేపలలో ఎక్కువ, చిన్న చేపలలో తక్కువ అనే క్రమం సాధారణంగా ఇదే.

తెలుగునాట ఆహారపు అలవాట్లు

కోస్తా ప్రాంతంలో పాలు పడతాయని బాలింతలకు సొర చేప పెట్టే ఆచారం ఉన్నది. తల్లిపాల ద్వారా శిశువుకు చేరే పాదరసం, గర్భంలో మావి ద్వారా చేరే దానికన్నా తక్కువ. అయినను శరీరంలో చేరిన మిథైల్ పాదరసంలో సగం తొలగటానికే సుమారు రెండు నెలలు పడుతుంది. కావున గర్భిణులు, బాలింతలు, చిన్నపిల్లలు సొరను మానటం మంచిది. వేటాడే జాతికే చెందిన పెద్ద వంజరాన్ని తగ్గించాలి. వీటికి బదులు నెత్తళ్ళు, కవళ్ళు తినవచ్చును.

రామసముద్రం, మదనపల్లె, పుంగనూరు వంటి ప్రాంతాలు సముద్రానికి దూరమైనవి. ఇటువంటి చోట్ల దొరికే పెంపకపు చేపలైన శీలావతి, బొచ్చె ఆహారపు గొలుసులో కింది మెట్టున ఉండి, తక్కువ కాలంలోనే పట్టుబడతాయి. అందుచేత కలుషితం కాని చెరువులలో పెరిగిన వాటిలో పాదరసం సాధారణంగా తక్కువ.

నియంత్రణ

పాదరసంపై మినమాటా ఒప్పందం 2013లో ఆమోదం పొంది, 2017లో అమలులోకి వచ్చినది. భారతదేశం 2018లో దీనిని ధ్రువీకరించింది. ఇప్పటికే సముద్రంలో చేరిన పాదరసం తగ్గటానికి చాలా కాలం పడుతుంది. అంతవరకు చేపను ఎంచుకొని తినటమే ప్రజల చేతిలో ఉన్న రక్షణ.