చేతికి వచ్చు జీతము

నెల మొదటి దినములలో ప్రభుత్వోద్యోగి యింట రెండు జీతములు ప్రస్తావమునకు వచ్చుచుండును. ఒకటి లోకులు చెప్పుకొను జీతము; రెండవది చేతికి వచ్చు జీతము. మొదటిదానిని చూచి బంధువులు చేబదులడుగుదురు, పొరుగువారు అసూయపడుదురు. రెండవదానితో పాలవాని బాకీ, పిల్లల చదువు, తల్లిదండ్రుల మందులు గడువవలెను. ఈ రెండింటి నడుమనున్న సొమ్ము ఎచ్చటికి పోవుచున్నదని యడిగినచో, పిల్లలకు లెక్కలు నేర్పు ఉపాధ్యాయుడు సైతము తన జీతపు చీటిని చేతబట్టుకొని మౌనము వహించుట మేమెరుగుదుము. ఇది నవ్వి విడువదగిన విషయము కాదు. తన కష్టార్జితములో ఎంత భాగము ఎందులకు పోవుచున్నదో యెరుగని ఉద్యోగి, తన హక్కును గూర్చి గాని తన విధిని గూర్చి గాని మాటాడజాలడు.

మూలవేతనమునకు కరవుభత్యము, ఇంటి అద్దె భత్యము మొదలగునవి చేరి మొత్తపు జీతమగును. దానినుండి జరుగు కోతలన్నియు ఒక్క జాతివి కావు. భవిష్యనిధికి పోవునది ఉద్యోగి సొత్తే. 2004 సెప్టెంబరు 1 నుండి రాష్ట్రపు కొలువులో చేరినవారి మూలవేతన, కరవుభత్యములనుండి పింఛను నిమిత్తము తీయబడు నూటికి పదివంతులును అట్టివే. అవి వారి వార్ధక్యమునకై దాచబడుచున్నవి. ప్రభుత్వ జీవితబీమా, సామూహిక బీమా, ఆరోగ్య పథకము - ఇవి ఆపదకు అడ్డుపడుటకై చెల్లించునవి. తక్కినవి పన్నులు. వృత్తిపన్ను రెండు తెలుగు రాష్ట్రములందును 20,000 రూపాయలు దాటిన జీతముపై నెలకు 200 రూపాయలు. ఇది యేడాదికి 2,500 రూపాయలు మించరాదని రాజ్యాంగమే 276వ అధికరణమున హద్దు గీచినది. కావున చేతికి రాని ధనమంతయు ప్రభుత్వము హరించినదనుట పొరపాటు. అంతయు మన పేర భద్రముగా నున్నదనుకొనుటయు పొరపాటే.

కోతలలో నెల్ల చిక్కైనది ఆదాయపుపన్ను. దీనికి రెండు మార్గములు గలవు. పాత మార్గమున ఇంటి అద్దెకు, భవిష్యనిధి మొదలగు పొదుపులకు మినహాయింపు లుండును. పన్ను రేట్లు హెచ్చు. కొత్త మార్గమున రేట్లు తక్కువ. ఆ మినహాయింపులు చాలవరకు లేవు. ఏ మార్గము వలయునో యుద్యోగి తెలుపనిచో కొత్తదే వర్తించును. కొత్త మార్గమున ఉద్యోగి తన జీతమునుండి పింఛనునకు చెల్లించు భాగమునకు గాని, చెల్లించిన వృత్తిపన్నునకు గాని మినహాయింపు లేదు. అనగా చేతికి రాని సొమ్ముపై సైతము పన్ను లెక్కింపబడును. ఈ సంగతి తెలిసి యెంచుకొనుట వేరు. తెలియక అందు పడుట వేరు.

2025-26 ఆర్థిక సంవత్సరపు లెక్క చూతము. కొత్త మార్గమున జీతగాండ్రకు మొదట 75,000 రూపాయలు తీసివేయబడును. మిగిలినదానిలో 4 లక్షలవరకు పన్ను లేదు. 4 నుండి 8 లక్షలవరకు నూటికి 5. 8 నుండి 12 వరకు నూటికి 10. 12 నుండి 16 వరకు నూటికి 15. ఆపైన నింకను హెచ్చుచు 24 లక్షలు దాటినచో నూటికి 30. అయినను ఆదాయము 12 లక్షలు మించనివారికి ఆ పన్నంతయు రద్దగును. నెలకు 1,06,000 రూపాయల జీతము గల యొక ఉపాధ్యాయిని యున్నదనుకొందము. ఏడాదికి 12,72,000, 75,000 పోగా 11,97,000. ఆమె కానియైనను చెల్లింపనక్కరలేదు. ఆ యేడాదిలోనే ఆమెకు 48,000 రూపాయల కరవుభత్యపు బకాయి వచ్చినదనుకొందము. ఆదాయము 12,45,000 అగును. మామూలు లెక్కను పన్ను 66,750 రూపాయలు కావలెను. అయితే 12 లక్షలకు పైనున్న సొమ్మును పన్ను మించరాదన్న ఉపశమనమువలన అది 45,000కు తగ్గును. దానిపై నూటికి 4 చొప్పున 1,800 రూపాయల సుంకము చేరి 46,800 అగును. వచ్చిన బకాయి 48,000, పన్ను 46,800, మిగులునది 1,200 రూపాయలు! ఆమె చేసిన దోషమేమి? రావలసిన సొమ్ము రావలసినప్పుడు రాకపోవుటయే.

దీనికి చట్టమున విరుగుడు లేకపోలేదు. బకాయి ఏ యేటికి సంబంధించినదో ఆ యేటి లెక్కలో చేర్చి చూచి, అందువలన పన్ను తగ్గినచో ఆ మేరకు ఊరట పొందవచ్చునని 1961 నాటి చట్టపు 89వ విభాగము చెప్పుచున్నది. కాని ఆ సంవత్సరపు లెక్కకు 10-ఇ అను పత్రమును దాఖలు చేసినవారికే ఆ యూరట దక్కును. ఆ పత్రము పేరు వినని యుద్యోగులెందరో గలరు. తెలిసినవానికి చట్టము గొడుగు. తెలియనివానికి అది పిడుగు. ఒకే పాఠశాలలో ఒకే జీతము గల యిద్దరిలో, లెక్క తెలిసిన మిత్రుడున్నవానికి ఒక న్యాయము, లేనివానికి మరియొక న్యాయము జరుగుట యే నీతి?

ఇక ఫిబ్రవరి నెల సంగతి. సంవత్సరపు అంచనా జీతముపై సగటు రేటున, జీతము చెల్లించు నప్పుడెల్ల పన్ను పట్టుకొనవలెనని చట్టమే విధించినది. పలుచోట్ల జరుగుచున్నది వేరు. పది నెలలు నామమాత్రముగా కోసి, ఫిబ్రవరి బిల్లులో మిగిలినదంతయు ఒక్కసారిగా కోయుదురు. ఆ నెల చేతికి వచ్చు జీతమును చూచి ఇంటివారు నివ్వెరపోవుదురు. కొందరు ప్రభుత్వమునకు పన్ను చెల్లించుటకై వడ్డీవ్యాపారి గడప ద్రొక్కుదురు. పన్నెండు మెట్లుగా దిగవలసినదానిని ఒక్క యుదుటున దుముకుమనుట వంటిది యీ పద్ధతి. ఇందు బిల్లులు వ్రాయు కార్యాలయముల యశ్రద్ధ కొంత. నెలనెల కోతకు ఒప్పుకొనక వాయిదా వేయగోరు ఉద్యోగుల యలసత్వము కొంత. రెండును మానదగినవే.

పన్నుల ప్రశ్న మన జాతీయోద్యమమునకు పుట్టిల్లు వంటిది. 1857 నాటి తిరుగుబాటు నణచుటకైన వ్యయము నెత్తిపై నుండగా, 1860లో జేమ్సు విల్సను ఈ దేశమున ఆదాయపుపన్నును ప్రవేశపెట్టెను. నాడది పరాయి ఖజానాకు పోయెడిది. 1921లో చీరాల-పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున, తమపై రుద్దబడిన పురపాలక సంఘమును, దాని పన్నులను నిరసించి ఇండ్లు వదలి ఊరి వెలుపల పాకలలో నివసించిరి. 1930లో గాంధీమహాత్ముడు రాజప్రతినిధికి వ్రాసిన లేఖలో, నెలకు 21,000 రూపాయలుగా నున్న ఆయన జీతమును, దినమునకు రెండణాలైన లేని సగటు భారతీయుని రాబడిని ప్రక్కప్రక్కన నిలిపెను. మరుసటియేడు కరాచీ కాంగ్రెసు, ప్రభుత్వోద్యోగి జీతము సాధారణముగా నెలకు 500 రూపాయలు మించరాదని తీర్మానించెను. ఉద్యోగుల జీతము ప్రజల సొమ్మనియు, దాని లెక్క ప్రజలకు తెలియవలెననియు నాటి పెద్దల భావము. చీరాలవారు నిరసించినది పన్ను అను పదార్థమును గాదు. తమ యనుమతి లేని పన్నును. స్వతంత్ర భారత రాజ్యాంగము 265వ అధికరణమున, చట్టపు టధికారము లేనిదే యే పన్నును విధింపరాదనియు, వసూలు చేయరాదనియు శాసించి ఆ కోరికను తీర్చినది.

అయితే అనుమతి శాసనసభలో నొకనాడిచ్చినంతనే ముగియునది కాదని మా యభిప్రాయము. పన్ను చెల్లించువానికి దాని లెక్క తెలిసినప్పుడే ఆ యనుమతికి ప్రాణము వచ్చును. ఆంగ్లాక్షరముల పొట్టిపేర్లతో నిండిన చీటి యిచ్చి, క్రింద నొక మొత్తము వేసి ఊరకుండుట స్వపరిపాలన కాదు. కావున మేము కోరునవి నాలుగు. జీతపు చీటిలో ప్రతి కోతయు తేట తెలుగున, ఇది పొదుపు, ఇది బీమా, ఇది పన్ను అని విడదీసి చూపవలెను. పన్నును ఏప్రిల్ నుండి నెలనెల సమముగా కోయవలెను. కరవుభత్యము కాలమునకు చెల్లింపవలెను. తప్పక ఆలస్యమైనచో, బకాయితోపాటు ఊరట పత్రమును నింపు విధమును కార్యాలయమే తెలుపవలెను. ఏ మార్గమున పన్నెంత యగునో రెండు లెక్కలును సంవత్సరారంభమునే ఉద్యోగికి చూపవలెను. వీటికి కొత్త చట్టమక్కరలేదు. కొంచెము శ్రద్ధ చాలును.

ఉద్యోగ సోదరీ సోదరులకును ఒక మాట. దొంగ అద్దె రసీదులు తెచ్చి పన్ను తప్పించుకొనుట తెలివి కాదు. అది తాను పనిచేయు బడికి, ఆసుపత్రికి తానే చేయు ద్రోహము. చెల్లింపవలసినది దమ్మిడీ మిగులక చెల్లింపుడు. చెల్లింపనక్కరలేనిది దమ్మిడీయైన వదలకుడు. సంఘములు జీతముల పెంపునకై సభలు చేయునట్లే, ఏటేట ఏప్రిల్ నెలలో ఒక దినము కూర్చుండి తమ సభ్యులకు ఈ లెక్క నేర్పవలెను. తన జీతపు చీటిని తాను చదువుకొనగలిగిన యుద్యోగి, ప్రజల లెక్కను గూడ న్యాయముగా వ్రాయగలడని మా నమ్మకము.