మధుమేహానికి మందుచీటీ ఒక్కటే చాలదు

భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ కలిసి చేసిన ఇండియాబ్ అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 20 ఏళ్లు దాటినవారిలో 11.4 శాతం మందికి మధుమేహం ఉన్నట్లు అందులో తేలింది. పుదుచ్చేరిలో అది 26.3 శాతం. అంటే నలుగురిలో ఒకరి కంటే ఎక్కువే. గోవా తర్వాత దేశంలో ఇదే అత్యధికం.

పుదుచ్చేరి పట్టణంలో వైద్యానికి కొదవలేదు. జిప్మర్ వంటి జాతీయ స్థాయి సంస్థ ఇక్కడే ఉంది. అయితే మధుమేహం జ్వరంలా వారంలో తగ్గిపోయేది కాదు. ఒక రోగి నెలకోసారి పది నిమిషాలు డాక్టరును కలుస్తాడనుకుందాం. ఏడాదికి అది రెండు గంటలు. ఏడాదిలో మిగిలిన 8,758 గంటలూ చికిత్స అతని చేతుల్లో, అతని ఇంట్లో ఉంటుంది. దీర్ఘకాలిక వ్యాధులకు అభివృద్ధి చెందిన దేశాల్లో సైతం సగటున సగం మందే మందులు సక్రమంగా వాడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే చెప్పింది.

ఆ గంటల్లో ఏం జరుగుతుందన్నది కొంతవరకు స్వభావాన్ని బట్టి ఉంటుంది. బాధ్యతగా, క్రమపద్ధతిలో నడుచుకునేవారికి ఆరోగ్యకరమైన అలవాట్లు ఎక్కువని 194 అధ్యయనాలను క్రోడీకరించి బాగ్, రాబర్ట్స్ 2004లో చూపారు. దేనికైనా ఇట్టే కంగారుపడేవారికి రక్తపరీక్ష రిపోర్టే ఒక భయం. ఒత్తిడిలో విడుదలయ్యే కార్టిసాల్, అడ్రినలిన్ హార్మోన్లు రక్తంలో చక్కెరను పెంచుతాయి. కాబట్టి దిగులు మనసుతోనే ఆగదు.

అలాగని ‘మనసు గట్టి చేసుకో’ అని చెప్పి పంపేస్తే సరిపోతుందా? స్వభావం ఒక్క రోజులో మారదు. ఆ మాట రోగం బరువుకు తోడు, తప్పంతా తనదేనన్న బరువునూ రోగిపై మోపుతుంది. మార్చడానికి వీలున్నది చుట్టూ ఉన్న పరిస్థితిని. 148 అధ్యయనాల్లోని 3 లక్షలకు పైగా వ్యక్తుల సమాచారాన్ని హోల్ట్-లన్‌స్టాడ్ బృందం 2010లో విశ్లేషించింది. బలమైన సామాజిక సంబంధాలున్నవారు జీవించి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువని తేల్చింది. ఇది సంబంధాన్ని చూపుతుందే తప్ప, కారణాన్ని పూర్తిగా రుజువు చేయదు. అయినా పట్టించుకోకుండా వదిలేయదగ్గ తేడా కాదు.

తోడు అంటే కాపలా కాదు. పళ్లెంలో ప్రతి ముద్దనూ లెక్కపెట్టే ఇంట్లో రోగి దొంగచాటుగా తినడం నేర్చుకుంటాడు. ఇంటిల్లిపాదీ అన్నం తగ్గించి కూర పెంచుకుంటే అతను ఒంటరివాడు కాడు. నలుగురిలో కలిసేవారికి సాయంత్రం వాహనాలు ఆపే బీచ్ రోడ్డులో నడక బృందం బాగుంటుంది. ముభావంగా ఉండేవారికి వారానికోసారి నర్సు చేసే ఫోను చాలు.

అందుకే ఆరోగ్య కేంద్రాల్లోని మధుమేహ రికార్డులో చక్కెర, రక్తపోటు అంకెల పక్కన మరో రెండు ప్రశ్నలు చేరాలి: ఇంట్లో మీకు తోడు ఎవరు? ఏ రకమైన సాయం మీకు నచ్చుతుంది? ‘ఎవరూ లేరు’ అన్న జవాబు వస్తే, దాన్ని పెరిగిన చక్కెరంత తీవ్రంగా తీసుకోవాలి. ఈ ప్రశ్నలకు కొత్త యంత్రాలు అక్కర్లేదు. జవాబు విని, వెంటనే ఫోను చేయడానికో బృందంలో చేర్చడానికో ఒక మనిషి కావాలి. ఆ మనిషికి జీతం కేటాయించడం మందుల కొనుగోలు అంత అవసరమైన ఖర్చే.