విప్పని సంచికి ముందే సొమ్ము
పలాస జీడి పరిశ్రమలకు కావలసింది కమీషన్ మనిషి కాదు, కొనుగోలు సలహాదారు

కట్టిన సంచిలో ఏముందో విప్పితేగాని తెలియదు. పలాస–కాశీబుగ్గ జంట పట్టణాల్లో జీడిపప్పు పరిశ్రమలు నడిపే చిన్న యజమానుల్లో చాలామందికి సంచి విప్పకముందే సొమ్ము చెల్లించవలసి వస్తున్నది. సరుకు ఉద్దానం తోటల నుంచి వచ్చేదైతే ఈ బెంగ లేదు. రైతు ఎవరో తెలుసు, తోట ఎక్కడుందో తెలుసు. గుప్పెడు పిక్కలు తీసి ఆడించి చూస్తే చెయ్యి తిరిగినవాడికి సగం సంగతి తెలిసిపోతుంది. కాని ఐవరీ కోస్టు, ఘనా, గినియా బిస్సావ్, టాంజానియా దేశాల నుంచి ఓడల మీద వచ్చే పిక్కను ఆడించి చూసేదెవరు? పశ్చిమ ఆఫ్రికా సరుకు నెల రోజులకు పైగా సముద్రం మీద ప్రయాణించి రేవుకు చేరుతుంది. అప్పటికే బ్యాంకు నుంచి సొమ్ము వెళ్లిపోయి ఉంటుంది. పలాసలో మూతి విప్పిన తర్వాత పిక్క నల్లబడి ఉన్నా, తాలు ఎక్కువగా ఉన్నా, పోయేది ఇక్కడివాడి సొమ్మే.

ఈ పరిస్థితిలో పరిశ్రమల వారు పది మందీ కలిసి తమ తరఫున ఒక కొనుగోలు సలహాదారును నియమించుకోవడం ఎంతైనా అవసరం. పెద్ద కంపెనీలకు ఇది కొత్త సంగతి కాదు. ముడిసరుకు ఎక్కడ కొనాలి, ఏ షరతులపై కొనాలి, వచ్చిన సరుకు ఒప్పందం ప్రకారం ఉందా లేదా అన్నది చూడడానికి అవి ప్రత్యేకంగా మనుషులను పెట్టుకుంటాయి. అంతటి స్తోమత లేని సంస్థలు బయటి నిపుణులకు రుసుము చెల్లించి ఆ పని చేయించుకుంటాయి. పలాసలో మాత్రం సలహాదారు అనగానే “మళ్లీ ఇంకో దళారీనా?” అన్న మాట వినిపిస్తుంది. ఆ అనుమానానికి కారణం లేకపోలేదు.

పరాయి పిక్క లేనిదే పని లేదు

జంట పట్టణాల్లో చిన్నా పెద్దా కలిపి రెండు వందలకు పైగా జీడి పరిశ్రమలున్నాయి. స్థానికంగా పంట చేతికొచ్చేది వేసవి మూడు నెలలే. ఆ పంట ఏడాది పొడుగునా ఇన్ని బాయిలర్లకు చాలదు. దానికి తోడు 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలను కూల్చివేసింది. కొబ్బరి చెట్టయినా జీడి చెట్టయినా కూలడానికి ఒక్క రాత్రి చాలు. తిరిగి నిండు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. కాబట్టి విదేశీ పిక్క వద్దనుకుంటే ఏడాదిలో సగం రోజులు పరిశ్రమలకు తాళాలు పడతాయి. కోత, పొట్టు తీత, గ్రేడింగు పనులు చేసే వేలాది ఆడవారికి కూలి ఉండదు.

దిగుమతి తప్పదు సరే, దిగుమతిలో మోసపోవడం కూడా తప్పదా అన్నదే ప్రశ్న.

నాలుగు పౌన్ల తేడా

ఈ వ్యాపారంలో ధర కట్టేది పిక్క రూపాన్ని చూసి కాదు, అందులోంచి దిగే పప్పును చూసి. 80 కిలోల బస్తాకు ఎన్ని పౌన్ల పప్పు దిగుతుందో అదే సరుకు విలువ. దాన్ని తేల్చడానికి కోత పరీక్ష ఉంది. పరీక్ష కష్టమైనదేమీ కాదు. కిలో పిక్కలు తూచి, ఎన్ని ఉన్నాయో లెక్కించి, ఒక్కొక్కటీ కోస్తారు. మంచి పప్పు ఒక పక్క, మచ్చ పడ్డదీ ముడుచుకుపోయిందీ ఒక పక్క, పుచ్చూ తాలూ ఒక పక్క వేరు చేస్తారు. మంచి పప్పు బరువుకు రెండో రకం బరువులో సగం కలిపి లెక్క కడతారు. కిలోకు 272 గ్రాములు తేలితే అది 48 పౌన్ల సరుకు. 250 గ్రాములే తేలితే 44 పౌన్ల సరుకు.

చూడడానికి ఇరవై రెండు గ్రాముల తేడా. కాని 48 పౌన్లని చెప్పి 44 పౌన్ల సరుకు అంటగడితే బస్తాకు కిలో ఎనిమిది వందల గ్రాముల పప్పు తగ్గుతుంది. ఒక కంటెయినర్‌లో 200 బస్తాలు, అంటే 16 టన్నులు ఉన్నాయనుకుంటే 360 కిలోల పప్పు లేనట్లే. కిలో 600 రూపాయల చొప్పున వేసుకున్నా 2 లక్షల 16 వేల రూపాయలు. ఏడాదికి నాలుగైదు కంటెయినర్లు తెచ్చుకునే చిన్న యజమానికి రెండు కంటెయినర్లు ఇలా వస్తే ఆ ఏడాది లాభం మాట దేవుడెరుగు, వడ్డీ కట్టడమే గగనమవుతుంది.

నష్టం యజమానితో ఆగదు. పొట్టు తీసే ఆడవారికి కూలి కిలో లెక్కన ముడుతుంది. పిక్క మంచిదైతే పొట్టు సులువుగా ఊడుతుంది, సాయంత్రానికి ఎక్కువ కిలోలు తూగుతాయి. ముడుచుకున్న పప్పుకు పొట్టు పట్టుకుని వదలదు. అదే ఎనిమిది గంటలు కూర్చున్నా తక్కువ తూగుతుంది. ఆఫ్రికా రేవులో ఎవరో చేసిన మోసానికి కాశీబుగ్గ వీధిలోని ఇల్లాలు కూలి కోత అనుభవించాలి. నిజానికి సరుకు సంగతి ముందుగా పసిగట్టేది కూడా ఆవిడే. మొదటి తట్ట కోయగానే బాగోగులు చెప్పగలదు. ఆమెను అడిగే అలవాటు మాత్రం ఎక్కడా కనబడదు.

పప్పు బరువు ఒక్కటే చాలదు. కిలోకు 180, 200 పిక్కలు తూగే సరుకు నుంచి పెద్ద గుండు పప్పు వస్తుంది. 220 దాటితే పప్పు చిన్నదవుతుంది. డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని మార్కెట్లో పిలిచే అంకెలు పౌనుకు ఎన్ని గుండ్లు తూగుతాయన్న లెక్కే. అంకె పెరిగే కొద్దీ ధర తగ్గుతుంది. తేమ సంగతి మరీ ముఖ్యం. బాగా ఆరని పిక్కను కంటెయినర్‌లో బిగిస్తే దారిలో వేడెక్కి నల్లబడుతుంది, బూజు పడుతుంది. పశ్చిమ ఆఫ్రికాలో కోత ఫిబ్రవరి ప్రాంతంలో మొదలవుతుంది. మొదటి కోత పిక్కకు ఉండే గట్టితనం, వానలు పడ్డాక ఏరిన పిక్కకు ఉండదు. నిరుటి పాత పిక్కను కొత్తదానిలో కలిపి పంపే వారూ ఉన్నారు. ఇవన్నీ ఓడ ఎక్కకముందు చూడవలసిన సంగతులు. ఓడ దిగిన తర్వాత చూస్తే పంచాయితీయే మిగులుతుంది.

దళారీ వేరు, సలహాదారు వేరు

ఇప్పుడు చాలామంది ఆధారపడుతున్నది మధ్యవర్తుల మీద. మధ్యవర్తులందరూ మోసగాళ్లని అనడం న్యాయం కాదు. మాట మీద నిలబడేవారు వారిలోనూ ఉన్నారు. కాని మధ్యవర్తి సంపాదన టన్నుకు ఇంత అని కమీషన్ రూపంలో వస్తుంది, తరచు అమ్మేవాడి చేతి నుంచి వస్తుంది. బేరం కుదిరితేనే ఆయనకు పైసా. “ఈ సరుకు వద్దు, ఇంకో పదిహేను రోజులు ఆగు” అని చెప్పడం వల్ల ఆయనకు ఒరిగేదేమీ లేదు. ఎంత మంచివాడైనా తన ఇంటి పొయ్యి ఆర్పుకుని సలహా చెప్పమంటే చెప్పగలడా?

సలహాదారు ఆ మాట చెప్పగలిగినవాడై ఉండాలి. ఆయనకు సొమ్ము కొనేవారి నుంచి మాత్రమే రావాలి. నెలకు ఇంత అనో, పరీక్షించిన లాటుకు ఇంత అనో నికరంగా ముట్టాలి. కొన్నా కొనకపోయినా ఆయన రుసుము మారకూడదు. కొందరు సలహాదారులు “మీకు ఆదా చేసినదానిలో వాటా ఇవ్వండి చాలు” అంటారు. వినడానికి బాగుంటుంది. కాని ఆదా అన్నది దేనితో పోల్చి లెక్క కడతారు? టన్నుకు పదివేలు తక్కువని నాసి పిక్క కొనిపెట్టి, ఆ పదివేలు ఆదా అని చూపించి వాటా పట్టుకుపోతే పప్పు దిగుబడి తగ్గిన నష్టం ఎవరిది? కాబట్టి ఆ పద్ధతికి దూరంగా ఉండడమే మేలు. అమ్మేవారి నుంచి గాని, ఓడ ఏజెంట్ల నుంచి గాని ఏమీ తీసుకోవడం లేదని సలహాదారు చేత కాగితం మీద రాయించుకోవాలి. ఆ షరతుకు ముఖం చిట్లించేవాడిని గుమ్మంలోనే సాగనంపవచ్చు.

ఆయన చేయవలసిన పనులు తక్కువేమీ కావు. సరుకు ఎక్కించే చోట పది సంచులకొకటి చొప్పునైనా నమూనా తీయించి, నమ్మకమైన పరీక్షా సంస్థ చేత కోత పరీక్ష చేయించాలి. ఒప్పందంలో ఎన్ని పౌన్లు, ఎంత తేమ, కిలోకు ఎన్ని పిక్కలు అన్నది అంకెలతో రాయించాలి. ఒక పౌను తగ్గితే ధరలో ఎంత తగ్గించాలి, ఎన్ని పౌన్లకు దిగితే సరుకు తిప్పి పంపవచ్చు అన్నది కూడా ఉండాలి. అన్నిటికంటె ముఖ్యం, తుది పరీక్ష ఏ రేవులో జరిగినది చెల్లుతుందన్న ఒక్క వాక్యం. ఎక్కించిన రేవులో పరీక్షే అంతిమమని రాసి ఉంటే విశాఖలో ఎంత మొత్తుకున్నా లాభం లేదు. ఇంగ్లీషులో పది పుటల కాగితం మీద ఈ వాక్యం ఎక్కడో మూల ఉంటుంది. సంతకం పెట్టే తొందరలో చదివేవారెందరు?

ధర లెక్క కూడా ఆయనే వేసి చూపాలి. పిక్క ధర ఒక్కటే ధర కాదు. ఓడ కిరాయి, బీమా, సుంకం, రేవులో ఆలస్యమైతే డెమరేజి, లారీ కిరాయి, బ్యాంకు వడ్డీ, దారిలో ఆరి తగ్గిన తూకం, అన్నీ కలిపితేగాని పలాస గోదాములో కిలో ఎంత పడిందీ తేలదు. సుంకం విషయమే తీసుకుంటే, 2018–19 కేంద్ర బడ్జెట్‌లో అది 5 శాతం నుంచి 2.5 శాతానికి తగ్గింది. ఇటువంటి మార్పు ఇరువైపులా జరగవచ్చు. అదే ఏడాది నవంబరులో టాంజానియా ప్రభుత్వం వ్యాపారులు చెప్పిన ధర చాలదని, సైన్యాన్ని దింపి పంట తానే కొంటానని ప్రకటించింది. అక్కడి సరుకు మీదే ఆశ పెట్టుకున్నవారి లెక్కలు తారుమారయ్యాయి. ఒకే దేశం, ఒకే మనిషి మీద భారం వేయకూడదని హెచ్చరించడం సలహాదారు పని.

ఖర్చు ఎవరు భరించాలి?

ఒక్క చిన్న పరిశ్రమ ఈ ఖర్చు మోయలేదన్నది నిజం. పది మంది కలిస్తే మోయగలరు. ఒక్క కంటెయినర్‌లో పైన చెప్పిన నష్టం తప్పించినా చాలు, రుసుములో చెప్పుకోదగ్గ భాగం తిరిగి వచ్చినట్లే. అయితే పలాసలో పది మంది వ్యాపారులు ఒక మాట మీద ఉండడం సలహాదారును వెదకడం కంటె కష్టమని ఊళ్లోనే చెప్పుకుంటారు. ఎవరు ఎంతకు కొన్నదీ పక్కవాడికి తెలిసిపోతుందన్న భయం ఉంది. ఆ భయం తీరాలంటే ఎవరి లెక్క వారికే చెప్పాలని, ఒకరి గుట్టు మరొకరికి చేరవేస్తే ఒప్పందం రద్దని మొదటే రాసుకోవాలి. ముందు ఒక్క సీజనుకే పెట్టుకుని చూడవచ్చు. ఆయన పరీక్షలో చెప్పిన పౌన్లకూ, పరిశ్రమలో నిజంగా దిగిన పౌన్లకూ తేడా ఎంత వచ్చిందో లాటు లాటుకూ రాసి ఉంచితే, మరుసటి ఏడు కొనసాగించాలా వద్దా అన్నది ఆ పుస్తకమే చెబుతుంది.

మనిషిని ఎంచుకునేటప్పుడు సూటూ బూటూ, గోడకు తగిలించిన సర్టిఫికెట్లూ చూసి మురిసిపోనక్కరలేదు. “ఇంతవరకు ఎన్ని లాట్లు వద్దని తిప్పికొట్టావు, ఎందుకు?” అని అడిగితే చాలు. జవాబు చెప్పడానికి తడుముకునేవాడు పేరు మార్చుకున్న దళారీయే. డబ్బు ఆయన చేతి మీదుగా నడవకూడదు. కొనాలా వద్దా అన్న నిర్ణయం యజమానిదే కావాలి. ఇంకో షరతు కూడా పెట్టాలి. పరిశ్రమకొకరు చొప్పున ఇంటి కుర్రవాడికో, ఆడపిల్లకో, పని తెలిసిన కోత కార్మికురాలికో ఆయన పరీక్ష నేర్పాలి. లేకపోతే పదేళ్ల తర్వాత కూడా ఆయన గుమ్మం ముందే నిలబడవలసి ఉంటుంది.

ఉద్దానం రైతు మాట

విదేశీ పిక్క వల్లనే తమ పంటకు ధర పడిపోతున్నదని ఉద్దానం రైతులు వాపోతున్నారు. 80 కిలోల బస్తాకు 16 వేల రూపాయలు ఇవ్వాలని 2023లో వారు ఆందోళనకు దిగారు. కొనుగోలు సలహాదారు వస్తే దిగుమతి ఇంకా పెరుగుతుందేమోనన్న శంక వారికి కలగవచ్చు. నిజానికి అన్ని ఖర్చులూ వేసి లెక్క కట్టడం మొదలైతే, దూరపు చవక పిక్క అంత చవక కాదని తేలే సందర్భాలు ఎక్కువవుతాయి. ఆడించి చూసి, పెదవి విరిచి ధర తగ్గించే పద్ధతి కంటె రైతు కళ్ల ముందే కిలో పిక్కలు కోసి ఇన్ని పౌన్లని చూపడం గౌరవంగా ఉంటుంది. మంచి పిక్క పండించినవాడికి మంచి ధర అడిగే హక్కు దొరుకుతుంది. అయితే పరీక్ష తాలు పేరుతో రైతుకు కోత వేయడానికి మాత్రమే వాడి, 48 పౌన్లు దాటిన పిక్కకు పైధర ఇవ్వకపోతే ఆ ఆందోళన మరింత పెరగడం ఖాయం. సలహాదారుతో కుదుర్చుకునే ఒప్పందంలో స్థానిక పిక్కకూ ఇదే కొలత, ఇదే ధరల పట్టిక అన్న మాట చేర్చడం పరిశ్రమల వారికే మంచిది.

పశ్చిమ ఆఫ్రికా కొత్త పిక్కకు బేరాలు ఫిబ్రవరిలో ఊపందుకుంటాయి. అప్పుడు సలహాదారు కోసం పరుగెత్తితే దొరికేది మళ్లీ కమీషన్ మనిషే. పరిశ్రమల సంఘం వారు సంక్రాంతి లోపే కూర్చుని, చేరేవారి పేర్లు, ఒక్కొక్కరి వాటా, సలహాదారుకు పెట్టే షరతులు తేల్చుకోవలసి ఉంది.